పాలు కాచి చూశాను

గిరి రోడ్డు మలుపులో కొత్త షోరూము.
అద్దాల వెనక ఆరు మంటల పొయ్యి,
కింద రెండు ఓవెన్లు, ముందు ఇత్తడి గుబ్బలు.
దాని నల్లటి నునుపులో నా మొహం
పెళ్ళినాటికంటే కొంచెం బాగానే కనిపించింది.
ధర చీటీ మాత్రం బోర్లా తిప్పి ఉంది.
అక్కడే అనుమానం వచ్చింది నాకు.

నాలుగు లక్షల ముప్పై వేలు మావుసీ, అన్నాడు కుర్రాడు.
పేరు విభూతి. తెలుగులో మొదలెట్టి
అంకె దగ్గరికొచ్చేసరికి ఒడియాలోకి దిగిపోయాడు.
మా బరంపురంలో అంతే,
బేరం ఒక భాషలో, కోపం ఇంకో భాషలో.

మా మెస్సు పొయ్యి ఖాదర్ వెల్డింగు షాపులో చేయించింది.
పదకొండు వేలు, అదీ మూడు వాయిదాల్లో.
పంతొమ్మిదేళ్ళుగా పూటకి ఎనభై విస్తళ్ళు.
ఒక కాలు పొట్టిది, కింద పెంకు ముక్క.
దానికి రెండే తెలుసు: మండిపోవడం, ఆరిపోవడం.
పాలు కాచాలంటే మంట మీద అట్ల పెనం,
పెనం మీద గిన్నె,
గిన్నె మీద నా కన్ను.

దీని గొప్పేమిటి, అన్నాను.
ఓవెను తలుపు తెరిచి మూశాడు. కారు తలుపులా చప్పుడైంది.
చప్పుడుకెంత? గుబ్బలకెంత?
ఆ నుదుటి మీద చెక్కిన పేరు
ఊడదీసి ఇస్తే ఎంతకిస్తావు?
నవ్వాడు. చల్లటి నీళ్ళు తెప్పించాడు.
సరే, మంట ఎంత సన్నంగా దిగుతుందో చూపించు, అన్నాను.
అప్పుడు తేలింది, షాపులో గ్యాసే లేదని.
నాలుగు లక్షల పొయ్యి, పుట్టాక ఒక్కసారీ వెలగలేదు.

మర్నాడు మా కూర్మారావు చేత
సిలిండరు రిక్షా ఎక్కించాను,
అడుగంటే అల్యూమినియం గిన్నె, రెండు లీటర్ల పాలు.
విభూతి మేనేజర్ని పిలిచాడు.
మేనేజరు నన్ను చూసి, పాలు చూసి,
ఫ్యాన్లు కట్టించాడు.

గుబ్బ తిప్పాను. ఇంకా తిప్పాను.
మంట చిటికెన గోరంతయింది,
తర్వాత మెంతి గింజంత.
ఆరిపోతుందనుకున్నాను. ఆరలేదు.
నీలంగా, ఊపిరి బిగబట్టిన పిల్లలా నిలబడింది.
గంటా పావు. పొంగలేదు, అడుగు మాడలేదు.
వాసనకి పక్క చీరల కొట్లోంచి ఇద్దరు వచ్చి నిలబడ్డారు.
ఆ గంటా పావూ నేను కుర్చీలో కూర్చున్నాను.

ఈ సంగతి ఇంటికొచ్చాక గాని తట్టలేదు.
పాలు పొయ్యి మీదుండగా కూర్చోవడం
పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.

రాత్రి పద్దుల పుస్తకం తీశాను.
ఖాదర్ పేజీలో పదకొండు వేలే ఉంది.
సంజుక్త చెయ్యి కాలినప్పటి ఆసుపత్రి బిల్లు వేరే పేజీలో.
మాడిన గిన్నెలు, విరిగిన పాలు ఏ పేజీలోనూ లేవు.
నా మోచేతి మచ్చలకి గీత గీసి చోటు వదిలాను.
అన్నీ కలిపి, ఎంత సాగదీసినా
లక్షా అరవై దగ్గర ఆగిపోయింది. నిజం చెప్పాలి కదా.
మిగతాదంతా ఇత్తడి, పేరు, తలుపు చప్పుడు.
పైగా మా వంటింటి గుమ్మం ముప్పై అంగుళాలు,
పొయ్యి నలభై ఎనిమిది.
గోడ పగలగొట్టే ఖరీదు చీటీలో లేదు.

రజో పండక్కి పోడపిఠా
రాత్రంతా నిప్పుల మీద కాలుస్తాం, నేనూ పక్కింటి మాలతి బెహరా.
ఓవెన్లో అయితే రెండు గంటలేనట, అన్నాను.
మరి రాత్రంతా ఏం మాట్లాడుకుంటాం, అంది.

ఖాదర్ లేడిప్పుడు. కొడుకు నయీం ఉన్నాడు.
మెంతి గింజంత మంట చెయ్యగలవా, అన్నాను.
కళ్ళద్దాలు నుదుటికెత్తి చాలాసేపు ఆలోచించాడు.
ఆ వాల్వు కటక్ నుంచి తెప్పించాలి,
ఒక్కోటీ ముప్పై ఎనిమిది వందలు, అన్నాడు.
ఒక్కటి చాలు. పొట్టి కాలు సరిచెయ్యి.
మిగిలిన ఇనుముతో
పొయ్యి పక్కకి ఒక కుర్చీ కూడా.

విభూతి ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు.
పది శాతం తగ్గిస్తారట.
పేరు మాత్రం ఊడదట.